పార్కులో నాలుగు చెట్లే ఉన్నాయి, పిల్లలకు ఏం చూపించాలి?

అమలాపురం దగ్గరి నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. వారి వీధి చివర మున్సిపల్ పార్కు ఉంది. ఏడు నుంచి పన్నెండేళ్ల వయసు పిల్లలు పదిహేను మంది దాకా పోగవుతారు. ఆదివారం ఉదయాల్లో వారికి ప్రకృతిని పరిచయం చేయాలని ఆమె కోరిక. తాను సైన్సు చదవలేదు. పార్కులో చూస్తే పచ్చిక, జారుడుబల్ల, నాలుగు చెట్లు. బస్సు మాట్లాడుకుని కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవులకు తీసుకెళ్లడం మేలా, ఈ పార్కుతోనే ఏమైనా చేయవచ్చా అని అడిగారు.

అమ్మా, ముందు సూటిగా చెబుతాను. పార్కుతోనే మొదలుపెట్టండి. కోరింగకు ఏడాది తర్వాత వెళ్లండి. ఒకే చోటికి, ఒకే వేళకు, అదే పిల్లలతో వారం వారం వెళ్లండి. సైన్సు చదవకపోయినా ఫరవాలేదు, ఓపిక ఉంటే చాలు. నాలుగు చెట్లు తక్కువ అనుకుంటున్నారు గానీ, పదిహేను మంది పిల్లలకు ఏడాదికి సరిపడే పని ఆ నాలుగింటి దగ్గర ఉంది.

నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. కోనసీమలోనే ఒక చిన్న పట్టణంలో, మీరు వర్ణించినలాంటి పార్కులోనే, పదకొండేళ్లుగా ఆదివారాలు పిల్లలతో గడుపుతున్నాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు నేనూ బస్సు దారే పట్టాను. ఒకసారి అరవై మంది పిల్లల్ని కోరింగ తీసుకెళ్లి, మడ చెట్ల మధ్య వేసిన చెక్క వంతెన మీద వరుసగా నడిపించాం. ముందు నిలబడి నేను చెప్పేది వెనుకవారికి వినపడలేదు. అన్ని కాళ్ల చప్పుడుకు పీతలు కన్నాల్లో దూరాయి, పిట్టలు దూరపు కొమ్మలకు వెళ్లిపోయాయి. మర్నాడు ఏం చూశారో రాయమంటే ఎక్కువ మంది పులిహోర పొట్లాల గురించీ, బస్సులో పాడిన పాటల గురించీ రాశారు. వారి తప్పేమీ లేదు. కొత్త చోటికి వెళ్లిన పిల్లవాడికి ఆ చోటు అలవాటు కావడానికే మొదటి రోజు చాలదు. అలవాటైన చోట మాత్రమే కొత్తది కంటపడుతుంది.

పైగా ప్రకృతిలో చూడవలసింది మార్పు. అది ఒక్క రోజులో కనిపించదు. కానుగ చెట్టునే తీసుకోండి. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాలుస్తుంది. కొద్ది రోజుల్లోనే తళతళలాడే చిగురు తొడుగుతుంది. ఎండలు ముదిరేసరికి లేత ఊదా రంగు పూలు నేలంతా పరచుకుంటాయి. వర్షాలకు ఆకుల మీద చిన్న చిన్న బుడిపెలు లేస్తాయి. కంటికి కనపడనంత చిన్న నల్లుల జాతి జీవులు లోపల కాపురం పెట్టడం వల్ల ఆకు అలా ఉబ్బుతుంది. ఈ కథంతా చూడాలంటే అదే చెట్టు దగ్గరికి నలభై యాభై సార్లు రావాలి. అందుకే మా దగ్గర మొదటి ఆదివారమే పిల్లలకు చెట్లు పంచుతాం. మీ లెక్కకు చెట్టుకు నలుగురు వస్తారు. ఆ చెట్టు ఏడాది పాటు వారిది. ప్రతి వారం ఆకు, చిగురు, మొగ్గ, పువ్వు, కాయ అని ఐదు గళ్లు గీసిన పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు టిక్కు పెడతారు. దేశమంతటా పిల్లలూ పెద్దలూ ఇదే తరహాలో చెట్లను గమనించి వివరాలు పంపే సీజన్‌వాచ్ అనే కార్యక్రమం ఉంది. రెండో ఏట అందులో చేరవచ్చు. మొదటి ఏడు చేతి పుస్తకమే మంచిది.

మీ పార్కులో నిద్రగన్నేరు ఉంటే మీ అదృష్టం. సాయంత్రం ఐదున్నరకు ఒక్కసారి పిల్లల్ని దాని కింద కూర్చోబెట్టండి. ఆకులు జంటలు జంటలుగా ముడుచుకుంటాయి. మబ్బు పట్టిన పగలు కూడా కొంత ముడుచుకుంటాయి. చెట్టు నిద్రపోతుందని పాఠంలో చదవడం వేరు, తల మీద ఆకాశం నెమ్మదిగా పెద్దదవుతుంటే చూడటం వేరు. ఆ చెట్టు దక్షిణ అమెరికా వైపు నుంచి వచ్చిందనీ, తురాయి మడగాస్కర్ నుంచి వచ్చిందనీ, మనం పులుసులో వేసుకునే చింత పుట్టిల్లు ఆఫ్రికా అనీ చెబితే పిల్లలు నోళ్లు తెరుస్తారు. వరుసగా నాటిన సన్నటి పొడవాటి చెట్లను అందరూ అశోక చెట్లంటారు. అవి నరమామిడి. అసలు అశోకం వేరు. ఆ నరమామిడి లేత ఆకుల వెనుక వెతకండి. ఆకుపచ్చ చుక్కల రెక్కల సీతాకోకచిలుక ఒకటి దాని మీదే గుడ్లు పెడుతుంది.

పూట ఎలా నడపాలి? మేము ఆరున్నరకు మొదలుపెట్టి ఎనిమిదికి ముగిస్తాం. మొదటి పది నిమిషాలు మాటల్లేవు. ఒక్కొక్కరూ ఒక్కో చోట కూర్చుని కాగితం మధ్యలో తమ గుర్తు వేసుకుని, ఏ శబ్దం ఏ వైపు నుంచి వస్తే ఆ వైపు దాన్ని రాస్తారు. గోరింక, మోటారు సైకిలు, గుడి మైకు, కోకిల, చీపురు అన్నీ రావచ్చు. అల్లరి పిల్లలు కూడా రెండో వారానికి ఇందులో కుదురుకుంటారు. ఆ తర్వాత ఆ రోజుకు ఒక్కటే విషయం: చెట్టు బెరడు, లేదా చీమల దారి, లేదా రాలిన పూలు. ఒక్కటే. నేను మొదట్లో గంటన్నరలో పది విషయాలు కుక్కేవాణ్ణి. పిల్లలకు ఏదీ మిగిలేది కాదు. తర్వాత అరగంట వారిష్టం, మట్టి తవ్వుకోనివ్వండి. చివరి పది నిమిషాల్లో పుస్తకంలో బొమ్మ, తేదీ, ఒక ప్రశ్న. జవాబు రాయమని అడగను, ప్రశ్నే రాయాలి.

కావలసిన సామాను పెద్దగా ఏమీ లేదు: నాలుగు భూతద్దాలు, పెన్సిళ్లు, మంచినీళ్లు, ప్రథమ చికిత్స పెట్టె. ఫోనులో పిట్టల కూతలు గుర్తుపట్టే యాప్‌లు వచ్చాయి, బాగానే పనిచేస్తాయి. కానీ ఫోను పెద్దవారి జేబులోనే ఉండాలి. పిల్లవాడు చూసి, వర్ణించి, ఊహించిన తర్వాతే దాన్ని బయటికి తీయండి. ముందే తీస్తే చూడటం మానేస్తారు.

ఇప్పుడు మీ అసలు బెంగ, పేర్లు తెలియవని. పేరు తెలియకపోతే తెలియదని చెప్పండి. దాన్ని ఇంటిపనిగా మార్చండి. పార్కు అంచున కలుపుగా పెరిగిన మొక్క ఒకటి చూపించి, "దీని పేరు మీ నాయనమ్మను అడిగి రండి" అనండి. మా దగ్గర ఒక్క వర్షాకాలంలో ఉత్తరేణి, గలిజేరు, గుంటగలగర, పిప్పింటాకు, రెడ్డివారి నానబాలు, పొన్నగంటి, అత్తిపత్తి ఇలాగే వచ్చి చేరాయి. ఏది కూర వండుతారో, ఏది దెబ్బకు రాస్తారో కూడా వచ్చింది. ఒక మామ్మగారైతే మనవరాలి చెయ్యి పట్టుకుని తానే పార్కుకు వచ్చి, మేమంతా గడ్డి అనుకున్న చోట తొమ్మిది రకాల ఆకులు వేరు చేసి చూపించారు. ఆమె బడికి వెళ్లలేదు. ఆ రోజు నేను పుస్తకం తెరిచి రాసుకున్నాను.

మన పండుగలను వాడుకోండి. వినాయక చవితి ముందు ఆదివారం పత్రి పాఠం పెట్టండి. పూజకు ఇరవై ఒక్క రకాల ఆకులు కావాలి. మార్కెట్లో అమ్మే కట్టలో ఏవో నాలుగు రకాలు కలిపి ఇస్తారు. మారేడు, జిల్లేడు, ఉత్తరేణి, గరిక, వావిలి, రేగు, జమ్మి ఎలా ఉంటాయో పిల్లలు తాకి, వాసన చూసి నేర్చుకుంటే మర్చిపోరు. వాటిలో ఉమ్మెత్త, గన్నేరు విషపూరితమని, చేతులు కడుక్కోకుండా వేళ్లు నోట్లో పెట్టుకోకూడదని అప్పుడే చెప్పాలి. కార్తీక మాసంలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలు ఎలాగూ ఉంటాయి. వాన తగ్గి చలి మొదలయ్యే ఆ రోజులకు మించిన తరగతి గది మన డెల్టాలో లేదు. భోజనానికి ముందు ఒక గంట నాకివ్వండి అని అడిగితే కాదన్నవారు లేరు.

ఇక్కడ ఒక అనుభవం కాస్త వివరంగా చెప్పాలి. మా పార్కు గోడ పక్కన ఒక జిల్లేడు పొద ఉండేది. మూడో తరగతి పాప ఒకతె దాని ఆకు అడుగున తెల్లటి చుక్కలాంటి గుడ్డు ఒకటి చూసింది. వారం తిరిగేసరికి నలుపు, తెలుపు, పసుపు చారల గొంగళి పురుగులు మూడు. ఆ చారల మీద నల్లటి కొమ్ముల్లాంటివి మూడు జతలు. పిల్లలు వాటికి పేర్లు పెట్టారు. జిల్లేడు పాలు మనకు కంట్లో పడితే ప్రమాదం. ఆ పురుగుకు అదే ఆహారం. ఆ విషం దాని ఒంట్లోనే నిలిచి, పెరిగి సీతాకోకచిలుక అయ్యాక కూడా పిట్టలు దాన్ని ముట్టకుండా కాపాడుతుంది. ఆ నారింజ రంగు రెక్కల సీతాకోకచిలుకను మీరు ఎన్నోసార్లు చూసే ఉంటారు.

మరుసటి ఆదివారం వెళ్లేసరికి పొద లేదు. పార్కు శుభ్రం చేయమని పైనుంచి ఆదేశం వచ్చిందట, తోటమాలి మొదలంటా నరికేశాడు. ఆ పాప ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నాకు కోపం వచ్చింది. పిల్లలకే మంచి ఆలోచన వచ్చింది. తోటమాలి దగ్గరికి వెళ్లి తమ పుస్తకాల్లోని బొమ్మలు చూపించారు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, కొట్టిన కొమ్మలు వేసిన చోటికి తీసుకెళ్లాడు. వాడిన ఆకుల్లో ఒక పురుగు బతికే ఉంది. దాన్ని గోడ అవతలి ఖాళీ స్థలంలోని మరో జిల్లేడు మీద పెట్టాం. పది రోజులకు అది లేత ఆకుపచ్చ గూడు కట్టుకుని వేలాడింది. రెక్కలు విప్పుకునే రోజు మేము అక్కడ లేము. ఆ పూట చూసినవాడు తోటమాలే. సోమవారం సాయంత్రం మా ఇంటికి వచ్చి మరీ చెప్పాడు. ఆ తర్వాత పార్కు ఒక మూల పది అడుగుల నేలను ఆయనే కొట్టకుండా వదిలేశాడు. మా పార్కులో అతి ఎక్కువ జీవం ఉన్న చోటు అదే.

అందుకే అనుమతి కాగితం కంటే ముందు తోటమాలితో మాట్లాడండి. కాగితమూ కావాలి. మున్సిపల్ కమిషనర్ పేరున ఒక దరఖాస్తు, ఏ రోజు, ఏ వేళ, ఎంత మంది, ఎవరు బాధ్యులు అని రాసి ఇవ్వండి. కానీ రోజూ ఆ నేల మీద వంగి పనిచేసే మనిషికి మీ పని అర్థమైతే సగం చిక్కులు ఉండవు. ఆయన పిల్లల్ని కూడా రమ్మనండి. రుసుము పెట్టవద్దు. రుసుము పెట్టిన రోజున రాకుండా పోయేది సరిగ్గా వచ్చి తీరవలసిన పిల్లలే. డబ్బుకు బదులు తల్లిదండ్రులు వంతులవారీగా వచ్చి తోడు ఉండాలని నియమం పెట్టండి.

ఈ మాట ఎందుకు గట్టిగా అంటున్నానో చెబుతాను. మా గుంపులో ఒక మత్స్యకార కుటుంబం పిల్లవాడు ఉండేవాడు. బడిలో వెనుక బెంచీ. ఒక రోజు చంద్రుడి గురించి మాట వచ్చింది. పౌర్ణమికీ, అమావాస్యకూ సముద్రపు పోటు పెద్దదిగా ఉంటుందనీ, అష్టమి నవములకు నీరు అంతగా ఎగదన్నదనీ, ఇవాళ పోటు వచ్చిన వేళకు రేపు రాదు, ముప్పావుగంట పైగా ఆలస్యమవుతుందనీ వాడు తడుముకోకుండా చెప్పాడు. వలకు వెళ్లే తండ్రి వెంట తిరిగి నేర్చుకున్నాడు. పోటు (నీరు ఎక్కడం), పాటు (నీరు తీయడం) అన్న మాటలే తెలియని పట్టణపు పిల్లలు వాణ్ణి చుట్టుముట్టి ప్రశ్నలు వేశారు. ఆ రోజు తర్వాత వాడు బడిలో కూడా చెయ్యి ఎత్తడం మొదలుపెట్టాడని వాళ్ల పంతులుగారు నాతో అన్నారు.

కాలం గురించి. అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా శ్రేష్ఠం, తుఫాను హెచ్చరిక ఉన్న రోజు తప్ప. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక ఆరింటికే మొదలుపెట్టి ఏడున్నరకు ఇళ్లకు పంపేయండి. మే నెలలో మానేయండి, మన ఉక్కపోతలో వడదెబ్బ తగలడానికి ఎండలో నిలబడనక్కర లేదు. అయితే వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో ఒక్క ఉదయం మాత్రం వదులుకోవద్దు. నీరు తీసిన కాలువ అడుగున ఆల్చిప్పలు, నత్త గుల్లలు, ఎండిన బురద మీద కొంగల అడుగులు కనిపిస్తాయి. ఏడాదంతా నీటి కింద ఉన్న లోకం అది. మళ్లీ జూన్‌లో నీరు వదిలి, సార్వాకు, అంటే వానాకాలపు వరికి, దమ్ము చేస్తుంటే ఊరి చివరి పొలం గట్టు దాకా నడవండి. నాగలి వెనుక, ట్రాక్టరు వెనుక తెల్ల కొంగలు బారులు తీరతాయి. వాటిలో ముక్కు మూసినా మధ్యలో సందు కనిపించే పెద్ద కొంగ ఉందేమో వెతకమనండి. నత్తలను పట్టి, గుల్లలోంచి మాంసం లాగడానికి వీలైన ముక్కు అది. జులై, ఆగస్టుల్లో గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు ఒక గాజు సీసాలో ఆ నీరు పట్టి రెండు రోజులు కదపకుండా ఉంచండి. అడుగున పేరుకున్న ఒండ్రు చూపించి, మన కోనసీమ ఈ మట్టితోనే తయారైందని చెప్పండి. అంతకంటే మంచి భూగోళ పాఠం నాకు తెలియదు.

భద్రత విషయంలో మొహమాటం వద్దు. తల్లులందరూ పాముల గురించి అడుగుతారు. మన డెల్టాలో నాగుపాము, కట్లపాము, రక్తపింజర ఉన్నాయి, నిజమే. కాళ్లకు చెప్పులు ఉండాలి, పొదలోకి, రాళ్ల సందులోకి చెయ్యి పెట్టకూడదు, పాము కనిపిస్తే కంగారు పడకుండా మెల్లగా వెనక్కి తగ్గాలి. కాటు పడితే కట్టు బిగించడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం ఏదీ చేయకుండా, ఆ కాలో చెయ్యో కదలనివ్వకుండా, వెంటనే 108కు ఫోను చేసి విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. పదకొండేళ్లలో మాకు ఒక్కసారి నీరుకట్టు పాము ఎదురైంది, దానికి విషం లేదు, తన దారిన తాను వెళ్లింది. కానీ నా భయం పాము కాదు, నీరు. మన ఊళ్లలో అడుగడుగునా కాలువ, చెరువు, రేవు. కాలువ గట్టు మీదికి వెళ్లే రోజున ఐదుగురు పిల్లలకు ఒక పెద్ద మనిషి లేకపోతే నేను వెళ్లను. ఈత వచ్చని పిల్లలు చెప్పే మాట లెక్కలోకి తీసుకోను. వచ్చినప్పుడూ వెళ్లేటప్పుడూ తలలు లెక్కపెట్టండి. మీరు చెప్పిన పదిహేను మందికి కనీసం ముగ్గురు పెద్దలు కావాలి.

ఇంకో నియమం: రాలినది తీసుకోవచ్చు, ఉన్నది కోయకూడదు. గూళ్లు, గుడ్లు ముట్టుకోకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కూడా అది నేరం. రామచిలుకను పంజరంలో పెంచడం సైతం చట్ట విరుద్ధమని చాలా ఇళ్లలో తెలియదు. 2018 నుంచి మన రాష్ట్ర పక్షి అదే. ఒక పిల్లవాడు ఈ సంగతి విని ఇంట్లో వారం రోజులు పోరు పెట్టాడు. చివరికి ఆ ఇంటి పంజరంలోని చిలుకను తండ్రే అటవీ శాఖవారికి అప్పగించి వచ్చాడు.

ఏడాది ఇలా గడిచాక కోరింగ వెళ్లండి. పదిహేను మంది చాలు, అరవై వద్దు. బయలుదేరే ముందు పోటు పాటు వేళలు కనుక్కుని, నీరు తీసే వేళకు చేరుకోండి. అప్పుడే బురద బయటపడి, ఒక డెక్క మాత్రం పెద్దదిగా ఉన్న చిన్న పీతలు, బురద మీద గెంతే చేపలు, నేలలోంచి పైకి మేకుల్లా పొడుచుకొచ్చిన మడ వేర్లు కనిపిస్తాయి. ఆ వేర్లు ఊపిరి తీసుకోవడానికే పైకి వచ్చాయని మీరు చెప్పనక్కర లేదు. ఏడాది పాటు చెట్టును చూసిన పిల్లవాడు, "ఇవి ఎందుకు పైకి ఉన్నాయి?" అని తానే అడుగుతాడు. మడ ఆకును వేలితో రాసి నాలుకకు తగిలిస్తే ఉప్పగా ఉంటుంది, చెట్టు ఎక్కువైన ఉప్పును అలా బయటికి పంపుతుంది. కానీ తెలియని ఆకు ఏదీ తాకనివ్వవద్దు. అక్కడే ఉండే తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. దారి చూపే స్థానికుడు వెంట ఉంటేనే ఈ పని చేయండి. 235 చదరపు కిలోమీటర్ల ఆ అభయారణ్యంలో బావురు పిల్లులు, నీటికుక్కలు తిరుగుతాయి. అవి కనిపిస్తాయని మాత్రం ఆశ పెట్టవద్దు. బురదలో పాదముద్ర కనిపించినా ఆ రోజు పండుగే.

మా రెండో విడత పిల్లలు ఇలా వెళ్లినప్పుడు వంతెన మీద మొదటి వంద అడుగులు నడవడానికి గంట పట్టింది. ఎవరూ పొట్లాలు అడగలేదు. నేనే ఆకలి గుర్తు చేయవలసి వచ్చింది.

మీ పార్కులోని ఆ నాలుగు చెట్లు ఏమిటో రాయండి. పేర్లు తెలియకపోతే ఆకు, బెరడు ఫోటోలు పెట్టండి. కాలువ ఎంత దూరమో, పార్కు గోడ పక్కన కొట్టకుండా వదిలిన నేల ఏమైనా ఉందో కూడా చెప్పండి. మొదటి నాలుగు ఆదివారాలకు ఏ చెట్టు దగ్గర ఏం చేయాలో వారం వారీగా రాసి ఇస్తాను.